భారతదేశపు పెద్ద వేటమృగాలు: వేట పద్ధతులు, ప్రమాద కారణాలు

ఇతర జంతువులను పట్టి, చంపి, వాటి మాంసంతో బతికే ప్రాణులను వేటజంతువులు అంటారు. జీవశాస్త్ర గ్రంథాలు పరభక్షకాలు అని పేర్కొనే ఈ వర్గంలోకి సాలెపురుగు, గుడ్లగూబ మొదలుకొని సముద్రంలోని సొరచేప వరకు అసంఖ్యాకమైన జీవులు వస్తాయి. వాటిలో మనిషి ప్రాణానికి అపాయం కలిగించగల శక్తి ఉన్నవి మాత్రం కొద్దే. భారత ఉపఖండంలో పులి, సింహం, చిరుతపులి, తోడేలు, మొసలి ఆ కొద్దిలో ముఖ్యమైనవి. విషసర్పాలను వీటి సరసన చేర్చడం వాడుకలో ఉన్నా, వాటివల్ల కలిగే ప్రమాదానికి మూలం వేట కాదు. ఒక జంతువు ఎంత సమర్థంగా వేటాడుతుందన్నదీ, అది మనిషికి ఎంత ప్రమాదకరమన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. వీటిని ఒకటిగా చూడటం వల్ల మృగాలకూ మనుషులకూ కూడా నష్టం జరిగింది.

వేట, పైకి కనిపించినట్లు, కేవలం బలప్రదర్శన కాదు. ప్రతి ప్రయత్నంలోనూ మృగం కొంత శక్తిని ఖర్చు చేస్తుంది, కొంత అపాయాన్ని నెత్తికెత్తుకుంటుంది. కణితి గిట్ట దెబ్బకు దవడ విరిగినా, అడవిపంది కోరకు తొడ చీలినా, ఒంటరిగా బతికే మృగానికి అది ఆకలిచావుతో సమానం, ఎందుకంటే గాయం మానేదాకా దానికి ఆహారం తెచ్చిపెట్టేవారు ఉండరు. అందువల్ల వచ్చే మాంసం, పోయే శక్తి, తగలగల గాయం అనే మూడింటి మధ్య ఏదో ఒక సర్దుబాటును ప్రతి జాతీ తన శరీర నిర్మాణానికీ, తాను తిరిగే నేలకూ తగినట్లు కుదుర్చుకుంది. ఆ సర్దుబాటే దాని వేట పద్ధతి. స్థూలంగా ఇవి రెండు: చాటున పొంచి ఉండి దగ్గరికి రాగానే మీదపడటం మొదటిది, బయటపడి తరిమి అలసిపోయేలా చేయడం రెండవది. పిల్లి కుటుంబానికి చెందిన మృగాలలో ఎక్కువ భాగం, మొసళ్ళు, కొండచిలువలు మొదటి మార్గంలోనూ, కుక్క కుటుంబానికి చెందినవి రెండవ మార్గంలోనూ నడుస్తాయి.

పులి

పొంచి వేటాడే మృగాలలో పులిని మించిన ఉదాహరణ లేదు. ఎదిగిన మగపులి సుమారు 180 నుంచి 260 కిలోలు, ఆడపులి 100 నుంచి 160 కిలోలు తూగుతాయి. ఇంత బరువైన దేహం కొద్ది గజాల దూరం మెరుపువేగంతో దూకడానికి పనికివస్తుంది గాని, దుప్పిని ఫర్లాంగుల కొద్దీ తరమడానికి పనికిరాదు. కాబట్టి దాని వేటలో అధిక భాగం కనిపించకుండా, వినిపించకుండా దగ్గరికి చేరడంలోనే గడుస్తుంది. అరికాళ్ళ కింది మెత్తని దిండ్లు అడుగుల చప్పుడును మింగేస్తాయి. గోళ్ళు నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుని ఉండటం వల్ల అరిగిపోకుండా, అవసరమైన క్షణంలో మాత్రమే బయటికి వస్తాయి. మనిషి కంటికి అంత కొట్టొచ్చినట్లు కనిపించే నారింజరంగు అడవిలో దాని ఉనికిని బయటపెట్టదా అన్న సందేహం సహజమే గాని, జింకజాతి జంతువుల కళ్ళలో రంగులను గ్రహించే కణాలు రెండు రకాలే ఉండటంతో వాటికి నారింజకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. నల్లని చారలు దేహపు అంచులను విడగొట్టి గడ్డినీడలలో కలిపేస్తాయి. పులి కంటి వెనుకభాగంలో ఉండే, కాంతిని మళ్ళీ లోపలికి తిప్పికొట్టే పొర వల్ల మసకవెలుతురులో సైతం దానికి చూపు ఆనుతుంది. అందుకే సంజె నుంచి తెల్లవారేదాకా ఉండే సమయం దానికి అనుకూలం.

పులి రాత్రిపూట అడవిబాటల వెంట, వాగుల ఇసుక వెంట మైళ్ళ దూరం నడుస్తూ ఎర జాడను వెదుకుతుంది. జంతువును పసిగట్టగానే ఒళ్ళు నేలకు ఆనించి, అది తల ఎత్తినప్పుడు కదలకుండా ఉండి, తల దించి మేసేటప్పుడు మాత్రమే ముందుకు జరుగుతుంది. సుమారు 20 మీటర్లు, వీలైతే అంతకంటే తక్కువ దూరానికి చేరాక దూకి, ముందుకాళ్ళ బరువుతో జంతువును పడగొడుతుంది. ఎర పెద్దదైతే గొంతు పట్టి, ఊపిరి ఆగేదాకా కొన్ని నిమిషాలపాటు వదలదు. ఇలా పట్టినప్పుడు కొమ్ములకూ గిట్టలకూ దూరంగా ఉండే వీలుంటుంది. ఎర చిన్నదైతే మెడ వెనుక కొరికి వెన్నుపామును తెంచుతుంది. సుమారు 6 సెంటీమీటర్ల పొడవుండే కోరపళ్ళ మొదట్లో స్పర్శను గ్రహించే నాడులు ఉండటం వల్ల ఎముకల మధ్య సందు ఎక్కడ ఉందో కొరికే క్షణంలోనే తెలుస్తుంది. చంపిన తర్వాత కళేబరాన్ని పొదల మాటుకు ఈడ్చుకుపోయి, వెనుకభాగం నుంచి తినడం మొదలుపెట్టి, ఒక్క రాత్రిలో 20 నుంచి 30 కిలోల దాకా తిని, మిగిలినదాన్ని ఆకులతోనో గడ్డితోనో కప్పి, మూడు నాలుగు రోజులు దాని దగ్గరే మసలుతుంది. మందలోని పశువును పులి చంపినప్పుడు కోపంతో కొందరు ఆ కళేబరంలో విషం కలపడానికీ, తిరిగివచ్చిన పులి దాన్ని తిని చావడానికీ ఈ అలవాటే ఆస్కారమిస్తోంది.

ఇంత సామగ్రి ఉన్న మృగం కూడా తరచుగా విఫలమవుతుంది. 1963 నుంచి 1965 వరకు మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవుల్లో పులిని పరిశీలించిన అమెరికన్ శాస్త్రవేత్త జార్జ్ షాలర్ సుమారు 20 ప్రయత్నాలలో ఒకటి మాత్రమే ఫలిస్తుందని అంచనా వేశాడు. చుక్కల దుప్పి కీచుమని అరిచినా, చెట్టు మీది కొండముచ్చు ఖణేలుమని దగ్గినట్లు కూత పెట్టినా ఆ ప్రాంతమంతా అప్రమత్తమవుతుంది; బయటపడిన పులి చాలాసార్లు ఆ ప్రయత్నాన్ని అక్కడితో మానుకుంటుంది. నల్లమల చెంచులు ఈ కూతలను విని పులి ఏ దిక్కున కదులుతున్నదో చెప్పగలరు. ఆ జ్ఞానం గల చెంచు యువకులు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో కాపలా సిబ్బందిగా పనిచేస్తున్నారు. దేశంలోనే అతి విశాలమైన ఈ అభయారణ్యంలో తెలంగాణ భాగం రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ పేరుతో విడిగా ఏర్పడింది.

ఒక పులికి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులు కావాలి. మందలో ఏటా పదోవంతు మించి తగ్గితే మంద నిలబడదు గనుక, ఒక్క పులి నిలకడగా బతకాలంటే దాని పరిధిలో 500 దాకా దుప్పులు, కణితులు, అడవిపందులు ఉండాలని వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ లెక్కగట్టాడు. పులుల సంరక్షణ గురించి చెప్పే మాటలన్నిటిలో ఈ లెక్క కంటే ముఖ్యమైనది లేదు. ఉచ్చులతో దుప్పులు ఖాళీ అయిన అడవి పచ్చగా ఉన్నా పులికి అది ఎడారే, ఆకలిగొన్న పులి అక్కడి నుంచి పశువుల మందల వైపే కదులుతుంది.

చిరుతపులి, సింహం, చీతా

చిరుతపులి బరువు సాధారణంగా 30 నుంచి 70 కిలోల మధ్య ఉంటుంది. దాని బలమంతా సర్దుకుపోయే గుణంలో ఉంది: ఎలుక, కుందేలు, నెమలి, కొండముచ్చు, దుప్పిపిల్ల, మేక, ఊరకుక్క, ఏది దొరికితే దానితో కడుపు నింపుకుంటుంది. కర్ణాటకలోని నాగరహొళెలో కారంత్, సన్‌క్విస్ట్ జరిపిన అధ్యయనంలో పులి చంపిన జంతువుల సగటు బరువు సుమారు 90 కిలోలు కాగా చిరుతపులిది 40 కిలోలలోపే ఉంది. ఒకే అడవిలో రెండూ బతకగలగడానికి ఈ తేడా ఒక కారణం. పులి, రేచుకుక్కలు లాక్కోకుండా తన వేటను చెట్టుకొమ్మ మీదికి మోసుకుపోవడం చిరుతకు అలవాటు. తనంత బరువున్న కళేబరాన్ని సైతం నోట కరచుకుని నిట్టనిలువుగా ఎక్కగలదు. ముంబై నగరాన్ని ఆనుకుని ఉన్న సంజయ్ గాంధీ జాతీయ వనంలోని చిరుతలు రాత్రివేళ బస్తీల అంచులకు వచ్చి కుక్కలను పట్టుకుపోతాయి. వాటికి కావలసినది కుక్కే గాని మనిషి కాదు. అయితే చీకట్లో వంగి కూర్చున్న మనిషినీ, ఒంటరిగా నడిచే చిన్నపిల్లనూ ఎత్తునుబట్టి ఎరగా పొరబడే అవకాశం ఉంది.

పిల్లి కుటుంబంలో గుంపుగా జీవించే పెద్ద మృగం సింహమొక్కటే. నమీబియాలోని ఎటోషా సింహాలపై శాస్త్రవేత్త స్టాండర్ 1990ల ఆరంభంలో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఆడసింహాలు వేటలో స్థానాలను పంచుకుంటాయి: కొన్ని రెండు పక్కల నుంచి చుట్టుతిరిగి మందను కదిలిస్తే, మరికొన్ని మధ్యలో పొంచి ఉండి తమవైపు పరుగెత్తి వచ్చినదాన్ని పడగొడతాయి, ఒక్కో సింహం తరచూ ఒకే స్థానాన్ని ఎంచుకోవడం ఆ పరిశోధనలో తేలిన విశేషం. బయలు ప్రదేశంలో పొంచడానికి మాటు తక్కువ కావడం వల్ల ఈ సహకారానికి విలువ పెరిగింది. చీతా మరొక దారి పట్టింది. తేలికైన ఎముకలు, పూర్తిగా ముడుచుకోని గోళ్ళు, పరుగులో మలుపు తిప్పే పొడవైన తోక దాని సాధనాలు. బోట్స్‌వానాలో చీతాల మెడకు పరికరాలు కట్టి చేసిన 2013 నాటి పరిశోధనలో నమోదైన గరిష్ఠ వేగం గంటకు 93 కిలోమీటర్లు, అయితే చాలా వేటల్లో అవి అంతకంటే బాగా తక్కువ వేగంతోనే పరుగెత్తాయి. ఒక్కసారిగా వేగం పెంచడం, తగ్గించడం, చటుక్కున మళ్ళడం అసలు ఆయుధాలని దానితో స్పష్టమైంది. భారతదేశంలో అంతరించినట్లు 1952లో ప్రకటించిన ఈ జంతువును నమీబియా నుంచి తెచ్చి 2022 సెప్టెంబరులో కునో జాతీయ వనంలో విడిచిపెట్టారు. మనిషిని వేటాడే స్వభావం చీతాకు లేదు.

రేచుకుక్క, తోడేలు

తరిమి వేటాడే పద్ధతి పరాకాష్ఠకు చేరింది రేచుకుక్కలో. ఎర్రని ఒళ్ళు, గుబురైన నల్లని తోక గల ఈ అడవికుక్క 12 నుంచి 20 కిలోలకు మించదు. అయినా అయిదు నుంచి పన్నెండు దాకా కలిసి బయలుదేరితే తమకంటే ఎన్నో రెట్లు బరువున్న కణితిని కూల్చగలవు. పిల్లికుటుంబపు మృగాలు రాత్రిని కోరుకుంటే ఇవి పగటివేళ, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం వేటకు వెళతాయి. అందువల్ల పులితో, చిరుతతో ఎదురుపడే అవసరం తగ్గుతుంది. దట్టమైన పొదల్లో ఒకదానికొకటి కనిపించనప్పుడు ఈలవంటి కూతతో సమాచారం ఇచ్చుకుంటాయి. కొన్ని వెనుక నుంచి తరుముతుంటే, కొన్ని పక్కలకు చీలి దారి అడ్డగిస్తాయి. జింక నీటిలోకి దిగితే ఒడ్డు వెంట చుట్టుముట్టి నిలుస్తాయి. ఒక్క కాటుతో చంపగల దవడ బలం లేనందున పెద్ద జంతువును వెనుక నుంచీ పక్కల నుంచీ కరచి, పొట్ట చీల్చి, నెత్తురుపోయి కూలేలా చేస్తాయి, చాలాసార్లు ప్రాణం పోకముందే తినడం మొదలుపెడతాయి. తిండి దగ్గర పెద్దవి పక్కకు జరిగి పిల్లలకు ముందు చోటివ్వడం, బొరియల దగ్గర ఉన్న కూనలకు మింగిన మాంసాన్ని కక్కి పెట్టడం ఈ జాతి నియమం.

చంపే తీరు చూడలేనంత క్రూరంగా కనిపించడంతో బ్రిటిష్ పాలనాకాలపు వేటగాళ్ళు రేచుకుక్కను అడవికి పట్టిన చీడగా భావించారు. చంపి తెచ్చినవారికి ప్రభుత్వం బహుమతి సొమ్ము చెల్లించింది. ఆ సంహారం అన్యాయమైనది, అజ్ఞానంతో కూడినది. బందీపూర్ అడవుల్లో 1970లలో ఈ జంతువును వెంబడించి అధ్యయనం చేసిన ఎ.జె.టి. జాన్‌సింగ్ వంటివారి కృషితో దాని సంఘజీవనం లోకానికి తెలిసింది. మనుషులపై రేచుకుక్కలు దాడి చేసిన సందర్భాలు అత్యంత అరుదు. నేడు ఆ జాతి అంతరించే ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో ఉంది. ఊరకుక్కల నుంచి సోకే రోగాలు, ఎరజంతువుల కొరత దానికి పెద్ద దెబ్బలు.

తోడేలు అడవిది కాదు, బయలుది. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు వంటి గడ్డిమైదానాల్లో కృష్ణజింకల మందలను గమనిస్తూ, బలహీనమైనదాన్ని విడదీసి తరుముతుంది. మేకలు, గొర్రెలు దండిగా దొరికే దక్కను మెట్టప్రాంతాల్లో గొర్రెలకాపరులకు దానితో తరతరాల వైరం. కాపరి ఒకవైపు కుక్కతో కాపు కాస్తుంటే జతలో ఒక తోడేలు అటువైపు కనిపించి దృష్టి మళ్ళించడం, రెండవది ఎదుటివైపు నుంచి గొర్రెపిల్లను ఎత్తుకుపోవడం కాపరులు చెప్పే మాట.

మొసలి

నీటి ఒడ్డున పొంచి ఉండటంలో మొసలికి సాటి లేదు. దేశంలోని మూడు జాతులలో ఘరియాల్ చేపలు తిని బతికేది. మంచినీటి మొసలి, ఉప్పునీటి మొసలి పెద్ద జంతువులనూ పట్టగలవు. మంచినీటి మొసలి మంజీరా, గోదావరి, కృష్ణా జలాల్లో ఉంది. మంథని దగ్గరి శివారం, సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యాలు దాని నెలవులు. ఉప్పునీటి మొసలికి ఒడిశాలోని భితరకనిక పేరొందిన స్థావరం. ఈ సరీసృపానికి ఉన్న అతిపెద్ద అనుకూలత ఓపిక: శరీర ఉష్ణోగ్రతను నిలుపుకోవడానికి ఆహారాన్ని ఖర్చు చేయనక్కరలేదు గనుక, వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిండి లేకుండా ఉండి ఒకే రేవు దగ్గర కాచుకోగలదు. కళ్ళు, ముక్కురంధ్రాలు, చెవులు తల పైభాగంలో ఒకే మట్టంలో ఉండటం వల్ల మిగిలిన దేహమంతా నీటిలో మునిగి ఉన్నా చూడగలదు, వినగలదు, శ్వాసించగలదు. దవడల చర్మం మీది చిన్న చిన్న బొడిపెలు నీటి ఉపరితలంలో కలిగే అలజడిని గ్రహిస్తాయి. ఇదే కుటుంబ సమూహానికి చెందిన ఆలిగేటర్ మీద 2002లో జరిపిన ప్రయోగాల్లో ఒక్క నీటిచుక్క పడిన అలను కటికచీకట్లో అది గుర్తించినట్లు తేలింది.

నీళ్ళు తాగడానికి వంగిన జంతువు మూతినో కాలినో పట్టుకున్న మొసలి దాన్ని లోతుకు లాగి ముంచి చంపుతుంది. 2012లో ప్రకటించిన కొలతల ప్రకారం పెద్ద ఉప్పునీటి మొసలి కాటు బలం 16,000 న్యూటన్లను దాటింది, అంటే టన్నున్నరకు పైగా బరువు మీద పడినంత. అయినా ఆ పళ్ళు పట్టుకోవడానికి చేసినవే తప్ప కోయడానికి కాదు. అందువల్ల ఎరను కరచి పట్టి తన దేహాన్ని గిరగిర తిప్పుతూ మాంసపు ముక్కలను తెంచుకుంటుంది. నీటి అడుగున నోరు తెరిచినా గొంతులోకి నీరు పోకుండా నాలుక వెనుక ఒక కవాటం అడ్డుపడుతుంది. దవడలను తెరిచే కండరాలు మాత్రం చాలా బలహీనం, ఒక తాడుతో దవడలను మూసి ఉంచవచ్చు. ప్రమాదమంతా రేవులోనే ఉంది: రోజూ ఒకే వేళకు ఒకే చోట బట్టలు ఉతికే, పశువులను కడిగే అలవాటును మొసలి గమనించి అక్కడే కాచుకుంటుంది.

పాములు

కొండచిలువ ఎరను చుట్టి నలుపుతుంది. ఎముకలు విరిచి, ఊపిరాడకుండా చేసి చంపుతుందన్న నమ్మకం ఉండేది గాని, అలాగే చుట్టి చంపే బోవా పాములపై 2015లో వెలువడిన పరిశోధనలో రక్తప్రసరణ ఆగడమే మరణకారణమనీ, అది క్షణాల్లోనే జరుగుతుందనీ రుజువైంది. విషసర్పాలకు విషం ప్రధానంగా వేట సాధనం: పోరాడకుండా, గాయపడకుండా ఎరను నిశ్చేష్టం చేసే ఉపాయం. రక్తపింజర ఎలుకను కాటేసి వదిలి, కొంత దూరం పోయి పడిపోయినదాన్ని వాసన వెంట వెళ్ళి మింగుతుంది. మనిషిని మింగలేదు గనుక అతనిపై విషాన్ని వ్యర్థం చేయడం పాముకు నష్టమే. తొక్కినప్పుడో, దారి మూసినప్పుడో ఆత్మరక్షణ కోసమే కాటు వేస్తుంది. అయినా దేశంలో మృగాలన్నిటివల్ల పోయే ప్రాణాలు కలిపినా పాముకాటు మరణాల ముందు స్వల్పం: 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది, అందులో అధిక భాగం జరిగిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. పొలంలో వట్టికాళ్ళతో పనిచేసే రైతు, కూలీ వీరిలో ముందువరుసలో ఉంటారు.

మనిషి ఎరగా మారే సందర్భాలు

అడవి మృగానికి నిటారుగా నడిచే మనిషి పరిచయమైన ఎర కాదు. నరభక్షణకు దారితీసిన సందర్భాలలో చాలావాటి వెనుక లెక్క తప్పిన జీవితం కనిపిస్తుంది. 436 మందిని చంపిందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ కాల్చినప్పుడు దాని కుడివైపు కోరపళ్ళు తుపాకీ దెబ్బకు విరిగి ఉన్నాయి. మామూలు ఎరను పట్టలేని స్థితి ఆ జంతువును ఆ దారి పట్టించిందని అతను భావించాడు. 1898లో కెన్యాలోని సావోలో రైలుమార్గం నిర్మిస్తున్న కూలీలను, వారిలో భారతదేశం నుంచి వెళ్ళినవారు ఎందరో, రెండు సింహాలు చంపాయి. వాటిలో ఒకదాని పుర్రెలో తీవ్రమైన దంతవ్యాధి కనిపించింది. గాయం ఒక్కటే కారణం కాదు. 1918 నుంచి 1926 వరకు రుద్రప్రయాగలో 125 మందిని చంపిన చిరుతపులి మనిషి మాంసానికి అలవాటుపడటానికి అంటురోగాల కాలంలో దహనం చేయకుండా వదిలేసిన శవాలు కారణమని కార్బెట్ అభిప్రాయం.

సుందరవనాల అనుభవం మాటువేట స్వభావాన్ని మరోవైపు నుంచి చూపుతుంది. పులి వెనుక నుంచే దాడి చేస్తుందన్న ఆలోచనతో 1986లో పశ్చిమబెంగాల్ అటవీశాఖ తేనె సేకరించేవారికీ కట్టెలు కొట్టేవారికీ తలవెనుక ధరించేలా మనిషి ముఖపు ముసుగులు ఇచ్చింది. వాటిని ధరించినవారిపై కొంతకాలం దాడులు జరగలేదు. తనను చూస్తున్న ఎరను పొంచి పట్టడం అసాధ్యమన్న పులి లెక్క ముఖం ఎదుటపడగానే పనిచేసింది.

ఉత్తరాంధ్రలోని ఉద్దానంలో మనుషులను ఎక్కువగా గాయపరుస్తున్నది పులి కాదు, చిరుత కాదు, చెదపురుగులూ పండ్లూ తినే ఎలుగుబంటి. జీడి, పనస తోటల్లో హఠాత్తుగా ఎదురుపడినప్పుడు భయంతో మీదపడుతుంది. వేటకు సంబంధం లేని ఈ గాయాలు కొన్నిసార్లు ప్రాణాంతకం.

శేషాచలం కొండల్లో 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడికి ఒక చిన్నారి బలైంది. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను గుంపులుగా పంపడం, పదిహేనేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారిలోకి అనుమతించకపోవడం వంటి చర్యలు చేపట్టింది. చీకటి, ఒంటరితనం, చిన్న ఎత్తు అనే మూడు పరిస్థితులనూ తొలగించే ఈ నియమాలు చిరుత వేటతీరుకు సరిగ్గా సరిపోయినవే. దారిపక్కన పారేసే తిండి ఊరకుక్కలనూ పందులనూ రప్పిస్తుంది, వాటి వెంట చిరుత వస్తుంది. అందువల్ల అడవి అంచున ఉన్న ఏ ఊరిలోనైనా చెత్తకుప్పను ఎత్తివేయడం, మేకలను పైకప్పూ గట్టి తలుపూ ఉన్న కొట్టంలో కట్టడం బోనులు పెట్టి చిరుతలను పట్టి మరోచోట వదలడం కంటే ఎక్కువ ఫలితమిస్తాయి, ఎందుకంటే ఒక చిరుత ఖాళీ చేసిన చోటికి ఎర ఉన్నంతకాలం మరొకటి వచ్చి చేరుతుంది.